తాడు పట్టిన వదిన

మా వదినకి బల్లి అంటే భయం. కుక్కర్ కూత అంటే భయం. లిఫ్టు ఎక్కమంటే ఎన్ని అంతస్తులైనా మెట్ల మీదుగానే వచ్చి, గుమ్మంలో కూలబడి మంచినీళ్ళు అడుగుతుంది. ఫోను వేళ కాని వేళ మోగితే ముందు గుండె మీద చెయ్యి వేసుకుని ఆ తర్వాతే తీస్తుంది. తాడును చూసి పామనుకునే మనుషులుంటారంటారే, అచ్చం అలాంటి మనిషి. ఆ మనిషి చేతికే మా అన్నయ్య పెళ్ళయిన కొత్తలో తాడు ఇచ్చాడు. తాడు రెండో కొసన తనుండేవాడు, నీళ్ళ అడుగున.

అన్నయ్య గజ ఈతగాడు. రిజర్వాయరు తలుపులకు అడ్డం పడిన చెత్త తీయడం, రేవులో పడవల అడుగున చుట్టుకున్న వలలు కోయడం, ఎవరైనా మునిగిపోతే వెతికి శవాన్ని పైకి తేవడం అతని పని. మొదటి రెంటికీ ఇంకా చాలామంది ఉండేవారు. మూడోదానికి మాత్రం పోలీసులు తిన్నగా మా ఇంటికే వచ్చేవారు. అడుగున నీళ్ళు బురదగా ఉంటాయి, కళ్ళు ఉన్నా లేనట్టే, అంతా చేతులతో తడుముకోవడమే. నడుముకి కట్టుకున్న తాడు ఒక్కటే కిందికీ పైకీ కబుర్లు మోస్తుంది. కింద నుంచి ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే ఇంకాస్త వదలమని. పై నుంచి గట్టిగా లాగితే దానికి ఒకటే అర్థం, వచ్చేయమని.

ఆ ఒక్కదానికీ ఎదురుండదు. వాళ్ళ పనిలో అది కట్టుబాటు. కింద ఉన్నవాడు ఎంత మొనగాడైనా, చేతికి అందబోతున్నది ఏదైనా, పై నుంచి లాగారంటే వదిలేసి రావాలి. వచ్చాక ఎందుకు లాగావని అడగకూడదు కూడా. అడగడం మొదలైతే పట్టుకున్నవాళ్ళు మరోసారి లాగడానికి వెనకాడతారట. కింద ఉన్నవాడికి ఎప్పుడూ ఇంకొక్క జానే అనిపిస్తుందని అన్నయ్య అనేవాడు. ఆ ఒక్క జానలోనే అతని గురువు పోయాడు.

ఇంత పిరికిదాని చేతికి ప్రాణం అప్పగించావేమిటన్నయ్యా అని నేనొకసారి అడిగితే, ధైర్యస్థులకు తాడిస్తే నిద్రపోతారే అన్నాడు నవ్వుతూ. అది నిజమే. వదిన తాడు పట్టుకుందంటే ఈగ వాలినా తెలియదు. పక్కన నేను మాట్లాడితే వినపడదు. పెదాలు ఎండిపోయి, మెడ మీద చెమట కారుతూ, నీళ్ళ వైపైనా చూడకుండా చేతుల్లో ఉన్నదాన్నే చూస్తూ కూర్చునేది. లోపలి మనిషి పని చేసుకుంటున్నంతసేపూ తాడు సన్నగా వణుకుతూ ఉంటుందట. దేని మీదో మనసు పడి తనను తాను మరిచిపోయాడంటే ఆ వణుకు ఆగుతుందట. ఆగితే వదిన ఆలోచించేది కాదు, లాగేసేది. ఎన్నోసార్లు లాగింది. అన్నయ్య ఒక్కసారీ అడగలేదు.

గట్టున తల్లులుండేవాళ్ళు. నాకు ఆ పనిలో అన్నిటికంటే దుర్భరంగా తోచింది వాళ్ళ చూపు. నీళ్ళలో మునిగినవాడు వాళ్ళకి కనపడడు కాబట్టి, వాళ్ళ కళ్ళన్నీ తాడు పట్టుకున్న ఆడమనిషి మీదే ఉంటాయి. ఆవిడ లాగితే, కొడుకు దొరక్కుండానే ఈతగాడు పైకి వస్తే, ఆ పాపం ఆవిడదే. ఒకామె మా వదిన జడ పట్టుకుని ఇంకొంచెం వదలవే అంటూ గుంజింది. వదిన మెడ వెనక్కి వంగిపోయింది గానీ చేతులు తాడును విడవలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి స్నానాలగదిలో తలుపు వేసుకుని చాలాసేపు ఏడ్చింది. మర్నాడు పోలీసు జీపు చప్పుడు వినగానే మళ్ళీ గుండె మీద చెయ్యి వేసుకుని అన్నయ్యతోపాటు జీపెక్కింది.

అలాంటి దంపతులకు పుట్టిన పిల్ల నీళ్ళు విడిచి ఎక్కడికి పోతుంది? నడక కంటే ముందు ఈత వచ్చింది దానికి. అందరం చేప అనే పిలిచేవాళ్ళం. తండ్రి తెగువ, తండ్రి మొండితనం. తల్లి నుంచి ఏమీ రాలేదనుకునేవాళ్ళం. నీళ్ళ లోతు చాలక కాబోలు, చదివి చదివి చివరికి వ్యోమగామి అయి కూర్చుంది. ఆ కబురు చెప్పిన రోజున వదిన ఏమీ అనకుండా బియ్యం డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. అంత దూరానికి తాడు ఎక్కడ దొరుకుతుందని నన్ను అడిగింది తర్వాత. నేను నవ్వాను. అది వేళాకోళం కాదని నాకు అప్పుడు తట్టలేదు.

చేప పైకి వెళ్ళి అంతరిక్ష స్టేషన్‌లో కొన్నాళ్ళున్నాక ఆ ప్రమాదం జరిగింది. స్టేషన్ బయట సోలార్ ప్యానెల్ బాగు చేయడానికి చేపా, దాని జోడీగా వెళ్ళిన పొడుగబ్బాయీ సూట్లు తొడుక్కుని బయటికి వచ్చారు. ఆకాశంలో తిరిగే పాత తుక్కు ఏదో వచ్చి తగిలింది. ప్యానెల్ విరిగి అతని మీద మడతపడింది, సూటు చిరిగింది. అతను అక్కడికక్కడే పోయాడు. చేప రెండో వైపున ఉంది. లోపలికి రమ్మని కింది నుంచి మూడుసార్లు పిలిచినా రాలేదట. గాలి అయిపోతోందని సూటులో గంట మోగాక వచ్చిందట.

అతన్ని మేం ఎరుగుదుం. చేపతోపాటు రెండు మూడుసార్లు మా ఇంటికి వచ్చాడు. గుమ్మం తగులుతుందని తలవంచి లోపలికి వచ్చి, వదినకి బల్లి భయమని తెలిసి ముందు గోడలన్నీ చూసి, లైన్ క్లియర్ ఆంటీ అని చెప్పి కూర్చునేవాడు. ఆ అబ్బాయి ఇప్పుడు స్టేషన్ బయట, విరిగిన రేకుల మధ్య వేలాడుతున్నాడు. లోపల చేపా, కెప్టెనూ మిగిలారు. దెబ్బ తగిలి స్టేషన్‌లోంచి గాలి కొంచెం కొంచెంగా కారిపోతోంది కాబట్టి ఇద్దరూ త్వరలోనే దాన్ని వదిలేసి వచ్చేయాలి. ఆ తర్వాత ఎవరూ వెళ్ళరు. అతన్ని తెస్తే ఇప్పుడే తేవాలి, లేకపోతే ఎప్పటికీ లేదు.

ఇక ఊళ్ళో ఎక్కడ చూసినా అదే మాట. మా టైలరు షాపులో జాకెట్టు కొలతలిచ్చే ఆవిడ కూడా ఊపిరి బిగబట్టకుండా అదే మాట్లాడేది. తేవాలి, మన బిడ్డను అలా వదిలేస్తామా అని కొందరు. పోయినవాడి కోసం ఉన్నవాళ్ళను చంపుకుంటామా అని కొందరు. తోసేస్తే ఆకాశంలోంచి పడుతూ కాలిపోతాడు, అదీ దహనమే కదా అన్నాడొక పెద్దమనిషి, టీ ఊదుకుంటూ. గట్టున ఉన్నవాడు ఎన్నైనా చెబుతాడు. కత్తెర పక్కన పెట్టి నాలుగు దులుపుదామనుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, కొలత రాసుకుని ఊరుకున్నాను.

చేపను పైకి పంపిన ఆఫీసువాళ్ళు ఎవరినీ వెళ్ళమని ఆజ్ఞాపించం అన్నారు. అక్కడి రేకులు కత్తుల్లా ఉన్నాయనీ, ఒక సూటును చీల్చినవి రెండోదాన్నీ చీలుస్తాయనీ దాచకుండా చెప్పారు. చేప వెళ్తానంది. అతను నాతో బయటికి వచ్చిన నా జోడీ, నేను తేకపోతే ఎవరు తెస్తారంది. అది అన్నయ్య మాటే, అక్షరం పొల్లు పోకుండా. టీవీలో విని అన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు. వదిన అతనివైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. పులిని పెంచి ఇప్పుడు దాని గోళ్ళు చూసి మురిసిపోతున్నావా అన్నట్టుంది.

మర్నాడు పెద్దాఫీసరు స్వయంగా ఇంటికి వచ్చాడు. చేప ఒక షరతు పెట్టిందట. తను బయట ఉన్నంతసేపూ మైకు దగ్గర అమ్మ కూర్చోవాలట. "నాకు నేను తెలుసు సార్, అతని మీద చెయ్యి పడ్డాక మీ మాట నాకు వినపడదు, అమ్మ మాటైతే వినపడుతుంది" అని చెప్పిందట. ఆయనకు అదేమిటో అర్థం కాలేదు గానీ మొదటిసారి మూడు పిలుపులకూ అది రాకపోవడం ఆయన కళ్ళారా చూశాడు. ఆ భయంతోనే ఒప్పుకున్నాడు. అన్నయ్య తాడు సంగతి వివరించాడు. వదిన మాత్రం మూల కుర్చీలో కూర్చుని, నావల్ల కాదు, నన్ను వదిలేయండి, కావాలంటే ఆయన్ను కూర్చోబెట్టుకోండి అని చేతులు జోడించింది.

ఆయన వెళ్ళిపోయాక నాతో అంది. "నేను వద్దన్నానంటే అది ఎవరి మాటా వినకుండా వెళ్తుంది. వెళ్ళమన్నానంటే నేనే పంపినట్టు. ఏం చెయ్యమంటావే?" ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. వెళ్దాం పద వదినా, నేనూ వస్తాను అన్నాను. అంతకంటే నాకేం తెలుసు?

ఆఫీసులో ఆ గది పై అంతస్తులో ఉంది. లిఫ్టు ముందు ఆగి వదిన వెనక్కి తగ్గింది. మేం ముగ్గురం మెట్లెక్కుతుంటే, మాకు తోడుగా వచ్చిన గార్డు ఆయాసపడుతూ ఇంకెన్ని భయాలున్నాయమ్మా మీకు అన్నాడు. లోపల గోడంత తెర, దాని ముందు వరసగా కంప్యూటర్లు, ముఖాలు ఎత్తకుండా పనిచేసుకుంటున్న కుర్రాళ్ళు. వదినకి మైకున్న బల్ల దగ్గర కుర్చీ వేశారు. దాని పక్క కుర్చీలో ఒక పెద్దావిడ అప్పటికే కూర్చుని ఉంది. తలకి నూనె రాసి నున్నగా దువ్వుకుని, ఒళ్ళో మడతపెట్టిన శాలువా పెట్టుకుని. పొడుగబ్బాయి వాళ్ళమ్మ. ఆస్పత్రిలో బట్టలు ఉతికే విభాగంలో పనిచేసి కొడుకుని చదివించిందని విన్నాం. శాలువా ఎందుకని ఎవరూ అడగలేదు. కొడుకు వస్తే కప్పడానికని చూడగానే తెలుస్తోంది.

ఆవిడ వదినకి నమస్కారం పెట్టింది. మీ అమ్మాయి చల్లగా ఉండాలి అంది. గట్టు మీద తల్లులు ఇన్నేళ్ళూ వదిన వీపు వెనక ఉండేవాళ్ళు, ఇక్కడ ఈ తల్లి భుజం పక్కనే ఉంది.

చేప బయటికి వచ్చింది. దాని టోపీకున్న కెమెరా చూపేదే తెర మీద కనిపిస్తోంది. తెల్లటి గోడలు, పట్టుకోవడానికి కమ్మీలు, వాటి వెనక ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని చూడలేక నేను వదిన కుర్చీ వీపు పట్టుకున్నాను. చేప కమ్మీ తర్వాత కమ్మీ పట్టుకుంటూ వెళ్తోంది, పని చేసేటప్పుడు అలవాటుగా గొణుక్కుంటోంది. ఇది పట్టుకో, అది వదులు, తర్వాత ఏమిటి, అదీ. చిన్నప్పుడు లెక్కలు చేస్తూ కూడా అలాగే గొణిగేది. వదిన తెర చూడటం మానేసి తల వంచుకుని ఆ గొణుగుడే వింటోంది. రెండు చేతులూ బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి.

అతను కనిపించాడు. ముఖం మీది అద్దం బంగారు రంగులో ఉంది కాబట్టి ముఖం కనపడలేదు. అందుకు ఆ దేవుడికి దండం. చేప రేకును పక్కకు తొయ్యగానే ఆ కదలికకు అతని చెయ్యి పైకి లేచింది, నెమ్మదిగా, ఎవరినో పిలుస్తున్నట్టు. గదిలో ఎవరో చిన్నగా అరిచారు. పెద్దావిడ మాత్రం కుర్చీలో ముందుకు జరిగి, నాన్నా అంది. ఇప్పటికీ ఆ చెయ్యి గుర్తొస్తే పక్కగదిలో దీపం వేసుకుని పడుకుంటాను.

చేప ఒక రేకు విప్పింది, ఇంకొకటి వంచింది. అతని నడుము పట్టీకి తన కొక్కెం తగిలించింది. మిగిలింది ఒక్క బకిల్. అతని కాలి దగ్గర, రెండు రేకుల సందులో. చేప ఆ సందులోకి చెయ్యి పెట్టింది. పెద్దాఫీసరు ముఖం మొదటిసారి తేటపడింది. అంతా సవ్యంగా ఉంది, గాలి ఉంది, సూటు బాగుంది అని కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెబుతున్నారు.

అప్పుడు గొణుగుడు ఆగింది.

వదిన తలెత్తింది. ఆ ముఖం నేను ఎన్నో గట్ల మీద చూసిన ముఖమే. మైకు మీదికి వంగి, "చేపా, వచ్చేయ్" అంది.

తర్వాత చేప గొంతు వచ్చింది. "అమ్మా, నా చెయ్యి బకిల్ మీదుంది. ఒక్కటే."

"వచ్చేయ్."

అంతా బాగానే ఉందమ్మా, కంగారు పడకండి అన్నాడు పెద్దాఫీసరు. అన్నయ్య వెనక నుంచి వదిన భుజం పట్టుకుని, దొరికాడే, దాన్ని చెయ్యనీ అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో అతను కట్టుబాటు తప్పడం అదే మొదలు. గట్టున నిలబడటం అతనికి అలవాటు లేదు మరి. పెద్దావిడ ఏమీ అరవలేదు, ఏడవలేదు. వదిన చెయ్యి మీద తన చెయ్యి వేసి, "ఒక్క నిమిషం అమ్మా. ఒక్క నిమిషం ఆగండి" అంది. అంత మెల్లగా అడిగితే రాయైనా కరుగుతుంది. జడ పట్టుకుని గుంజినా బాగుండేది.

వదిన కళ్ళ నుంచి నీళ్ళు బల్ల మీద పడుతున్నాయి. ఆ చేతిని తొలగించుకోలేదు. "అతన్ని వదిలేసి రా, అమ్మడూ" అంది.

చేప కొక్కెం విప్పింది. తెర మీద అతను వెనక్కి జరిగిపోతూ చిన్నవాడైపోయాడు. దారి పొడుగునా దాని ఏడుపు స్పీకర్లలో గదంతా వినిపించింది. తలుపు మూసుకున్నాక గానీ అది ఆగలేదు. పెద్దావిడ శాలువాను మళ్ళీ మడతలు సరిచేసి, సంచిలో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. నేనూ అన్నయ్యా వదినను చెరో రెక్కా పట్టుకుని మెట్లు దించాం.

తర్వాత లోపల కెప్టెను చేప గ్లౌజులు విప్పి వెలుతురులో పెట్టి చూసింది. కిందికి దిగాక ఆఫీసువాళ్ళు మళ్ళీ పరీక్ష చేశారు. ఎక్కడా చిరుగు లేదు, గీత లేదు. ఇంకో నిమిషంలో ఏదైనా చిరిగేదా అంటే ఎవరూ చెప్పలేకపోయారు. చిరిగేది కాదనీ చెప్పలేకపోయారు. టీవీలో మాత్రం చెప్పేశారు. ఒక తల్లి పిరికితనం ఇంకో తల్లికి కడసారి చూపు లేకుండా చేసిందని. షాపులో నా మొహం మీదే అన్నవాళ్ళున్నారు. వదిన బయటికి వెళ్ళడం మానేసింది.

స్టేషన్ ఖాళీగా పైనే తిరుగుతోంది, అతన్ని అంటిపెట్టుకుని. ఎప్పుడో కిందికి జారి సముద్రం మీద కాలిపోతుందట. కొన్ని సాయంత్రాలు మా డాబా మీది నుంచి కనపడుతుంది, నక్షత్రంలా మెరుస్తూ జరిగిపోతుంది. పిల్లలు వేళ్ళు చూపిస్తారు. ఆ వేళకి వదిన కిటికీలు మూసేస్తుంది. చెయ్యి ఎత్తి పిలుస్తాడే, లైన్ క్లియర్ ఆంటీ అంటాడే అంటుంది. నేను తిట్టాను. తిట్టి, నేనూ కిటికీ దగ్గరికి పోవడం మానేశాను.

చేప ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. తల్లి పెట్టింది తింది, తల్లి పక్కనే పడుకుంది, కాళ్ళు నొక్కింది కూడా. ఎందుకు పిలిచావని మాత్రం అడగలేదు. కట్టుబాటు కదా. అన్నయ్యా అడగలేదు, నేనూ అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాం. ఆ మర్యాద వదినను రోజుకింత తినేస్తోందని తెలిసి కూడా ఎవరం నోరు తెరవలేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం పొడుగబ్బాయి వాళ్ళమ్మ వచ్చింది. తలుపు తీసింది చేప. వదిన ఆవిడను చూసి గోడకు ఆనుకుపోయింది, కొట్టడానికే వచ్చిందన్నట్టు. ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు. చెప్పులు కూడా విడవలేదు.

"ఒకటే అడిగి పోతాను. నీకేమైనా తెలిసి పిలిచావా? లేకపోతే భయపడి పిలిచావా?"

చేప తండ్రివైపు చూసింది. అన్నయ్య తల దించుకున్నాడు. తెలిసే పిలిచానని ఒక్క మాట అంటే చాలు, అందరికీ సర్దుబాటు అవుతుంది. ఆవిడకీ, చేపకీ, ఊరికీ. అబద్ధమని పట్టుకునేవాళ్ళు భూమ్మీద లేరు. అనెయ్యి వదినా అని నేను లోలోపల మొత్తుకున్నాను.

"భయమేనక్కా," అంది వదిన. "నాకేమీ తెలీదు. భయమేసింది, పిలిచేశాను."

చేప ఒక్కసారిగా బల్ల అంచు పట్టుకుంది. పెద్దావిడ వదినవైపు ఒక అడుగు వేసింది.

"నిన్ను నేను క్షమించలేను," అంది. "నా వాడు అక్కడే ఉన్నాడు. కానీ వాడు బయటికి వెళ్ళిన రోజున ఆ గదిలో అందరూ ధైర్యంగా ఉన్నారట. నేను ఇంట్లో అన్నం తింటున్నాను. నీ అంత భయపడేవాళ్ళు ఒక్కరు, ఒక్కరు వాడికోసం అక్కడ కూర్చుని ఉంటే..."

వదిన గోడ వదిలి వచ్చి ఆవిడను పట్టుకుంది.